గీకేసిన ముఖాలు

పోయినవారం కథ ఆగగానే మీరు నన్ను నిచ్చెన మీద నిలబెట్టి వెళ్లిపోయారు. వారం రోజులుగా అక్కడే ఉన్నాను. మీరు మాత్రం తిని, పడుకుని, లేచి, మీ పనులన్నీ చక్కబెట్టుకుని ఇప్పుడు తీరిగ్గా వచ్చారు. పరవాలేదు. సొంతవాళ్లు చేసినదాని ముందు ఇదెంత?

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. మాది దొరల బొమ్మల దుకాణం. మూడు వందల ఏళ్ల కిందట, ఐరోపాలో బరోక్ అనే ఆడంబరపు కళ నడిచిన కాలంలో, భుజాల కిందికి జారే విగ్గులు పెట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, లోకమంతా తమ పెరడే అన్నట్టు చూస్తూ నిలబడ్డ ప్రభువుల్నీ రాణుల్నీ మేం మళ్లీ గీసి అమ్ముతాం. మిషను మీద అచ్చు వెయ్యం. నూనె రంగులతో, చేత్తో గీస్తాం. ఇది నకలు అని వెనక స్పష్టంగా రాసి మరీ ఇస్తాం. ఇందులో దొంగతనం ఏమీ లేదని పోయినవారం దాకా నేను నలుగురికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

మా దగ్గర ఒక బొమ్మను ఒక్కరే గీయరు. నాన్న ఉన్నప్పుడే పనులు పంచేశాడు. ముఖం మా అక్కది. చేతులు నాన్న స్నేహితుడివి, ఆయన్ని అందరూ చేతుల బాబాయి అంటారు. ఉక్కు కవచాలూ, వెనక వేలాడే ఎర్ర మఖమలు తెరలూ, ఆఖర్న ఫ్రేమూ మా బావవి. మెడ చుట్టూ, మణికట్ల దగ్గరా ఉండే లేసు నాది. అందుకే నన్ను లేసమ్మ అంటారు. లేసు ఉన్న బొమ్మ మాత్రమే నా బల్ల మీదికి వస్తుంది. కవచం తొడుక్కున్న సేనాధిపతులతో నాకు పని లేదు. వాళ్లు మేడ మీద అక్క గదిలోంచి సరాసరి ఫ్రేముల గదికి దిగి, పెరటి తలుపు గుండా బండెక్కి వెళ్లిపోతారు. ఈ దారి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

సరే, నిచ్చెన. ఊరి చివర పాత బంగళా ఒకటి హోటలుగా మారుతోంది. దాని పెద్ద హాల్లో మావి పన్నెండు బొమ్మలు తగిలించారు. తగిలిస్తుంటే ఒక సేనాధిపతి బుగ్గ గీసుకుపోయిందని పొద్దున్నే ఫోను వచ్చింది. అక్కా బావా కాన్వాసు కొనడానికి బజారుకెళ్లారు. బాబాయికి నిచ్చెనంటే కళ్లు తిరుగుతాయి. ఇక మిగిలింది నేను. రంగుల పెట్టె పట్టుకుని వెళ్లి, నిచ్చెనెక్కి, ఆ దొర ముఖంలో ముఖం పెట్టి చూస్తే అతని కంట్లో నా కిటికీ కనిపించింది.

కంటి నల్లగుడ్డులో ఒక వెలుగు చుక్క ఉంటుంది కదా. మేం చూసి గీసే అచ్చు కాగితాల్లో అది మసకగా ఉంటుంది. అందుకని నేను ముఖాలు నేర్చుకునేటప్పుడు అద్దం ముందు పెట్టుకుని నా కన్నే చూసి గీసేదాన్ని. నా బల్ల పక్కన నాలుగు గడుల కిటికీ ఉంది. అందులో ఒక అద్దం ఎప్పుడో పగిలితే బావ అట్టముక్క కొట్టాడు, ఈ రోజుకీ అదే అట్ట. కాబట్టి నా కంట్లో పడే వెలుగుకి మూడే గడులు, నాలుగోది చీకటి. నేను అదే గీసేదాన్ని. "దొర కంట్లో నీ కిటికీ ఏంటే?" అని అక్క ఎన్నిసార్లు తిట్టినా చెయ్యి అటే పోయేది. అలాంటి తప్పు ఇంకెవరూ చెయ్యలేరు, చెయ్యాలంటే నా కుర్చీలో కూర్చోవాలి.

కానీ నేను నేర్చుకుంటూ గీసిన ముఖాలన్నీ బాలేవని తను గీకేసినట్టు కదా అక్క చెప్పింది!

ఇక్కడి నుంచి కొత్త కథ.

నిచ్చెన దిగాను. దాన్ని పక్క బొమ్మ కిందికి ఈడ్చాను. ఎక్కి చూస్తే మూడు గడులు. దిగి, ఈడ్చి, మళ్లీ ఎక్కాను. మళ్లీ మూడు గడులు. నిజం చెప్పొద్దూ, ముందు నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. నేను గీసిన ముఖం బంగారు రంగు ఫ్రేములో, అంత ఎత్తున, మెరిసే కవచం మీద ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూసి ఎరగను. ఎదురుగా కిటికీల్లోంచి వెలుగు పడుతుంటే వాళ్లు ఇప్పుడే ఏదో మాట అనబోయి ఆగినట్టున్నారు.

హాల్లో నేల తుడుస్తున్న ఆవిడ తల పైకెత్తి నాతో అంది. "ఆ మూడోవాడు ఉన్నాడు చూడమ్మా, వాడితో వేగలేకపోతున్నా. నేను ఎటు తుడిస్తే అటే చూస్తాడు. నిన్న ఆ మూల ఒక మరక వదిలేశా, వాడి చూపు పడలేక మళ్లీ వెళ్లి తుడిచొచ్చా."

ఆ మూడోవాడి ముఖం మీద నేను మూడు వారాలు పనిచేశాను. బుగ్గ మీద స్ఫోటకం మచ్చలు, కుడి కనురెప్ప కాస్త వాలి ఉంటుంది. అది చూసి అక్క ఏమందో తెలుసా? "ఉడకబెట్టిన బంగాళాదుంపకి కళ్లు పెట్టినట్టుంది" అంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. మర్నాడు అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "గీకేశాలే, దాని గురించి ఆలోచించకు. వచ్చే వారం ఇంకోటి ప్రయత్నించు" అని కొత్త కాన్వాసు చేతిలో పెట్టింది. నన్ను ఓదార్చిందనుకుని ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

అక్కడ, నిచ్చెన మీద, ఒళ్లు మండడం మొదలైంది.

మొత్తం పన్నెండింట్లో తొమ్మిది నావి. మిగిలిన మూడూ లేసు కాలర్ల పాత బొమ్మలు, వాటి ముఖాలు అక్కవే, లేసు నాది. గీసుకుపోయిన బుగ్గను బాగుచేసి, పెట్టె సర్దుకుని బయటికొచ్చాను. దారి పొడుగునా ఆరేళ్లూ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

ఆరేళ్ల కిందట అక్కే అంది. "ఇప్పుడు లేసు ఎవరూ అడగట్లేదే, అందరికీ కవచాలే కావాలట. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుంది, ముఖాలు నేర్చుకో." అక్క మనసు ఎంత పెద్దది అనుకున్నాను. చిన్న కాన్వాసు అడిగితే, "చిన్నదాని మీద నేర్చుకుంటే చెయ్యి ఇరుకైపోతుంది" అని నిలువెత్తు కాన్వాసులు ఇచ్చింది. పైన ముఖం గీసి, మెడ కింద అంతా ఖాళీగా వదిలెయ్యమంది. గంగిరెద్దులా తలూపి అలాగే చేశాను. ఏ వారం ఏ దొర ముఖం గీయాలో కూడా తనే చెప్పేది. ఒక్కటీ ఆడమనిషి ముఖం ఇవ్వలేదు, ఆడవాళ్లకి లేసు ఉంటుంది కదా, ఆ బొమ్మ మళ్లీ నా బల్లకే రావాలి. ఇంత చిన్న సంగతి ఆరేళ్లలో నా బుర్రకి తట్టలేదు.

రెండేళ్ల కిందట ఊళ్లో ఉన్న ఇంకో బొమ్మల దుకాణం ఆయన వచ్చి, ముఖాలు గీసేవాళ్లు కావాలి, వస్తావా అని అడిగాడు. నాకు ముఖాలు రావండీ అన్నాను. పక్కన అక్క ఉంది. "అది మెతక మనిషండీ, లేసుతో సరిపెట్టుకుంటుంది" అంది, ఎంతో ప్రేమగా నవ్వుతూ.

దుకాణంలో అడుగు పెట్టేసరికి బాబాయి ఒక దొర చూపుడువేలికి గోరు దిద్దుతున్నాడు. ఆ దొర పిడికిలి నిండా సేనాధిపతి కర్ర, ముఖం మీద మాత్రం రంగు అంటకుండా అక్క ఎప్పుడూ కప్పించే గుడ్డ. అది చూడగానే ఇంకో సంగతి వెలిగింది. కవచాల బొమ్మలకీ చేతులుంటాయి, ఆ చేతులన్నీ ఈయనే గీశాడు.

"బాబాయ్, ఈ చేతుల పైన ఉన్న ముఖం ఎవరిది?"

"ఏదో సేనాధిపతిదమ్మా. వాళ్లకి పేర్లు నేను గుర్తుపెట్టుకోను."

"గీసింది ఎవరని అడుగుతున్నా."

బాబాయి కుంచె పక్కన పెట్టాడు. గుడ్డ తీసుకుని శుభ్రంగా ఉన్న వేళ్లని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. నన్ను ఎత్తుకుని ఆడించిన మనిషి, నా చేత మొదటిసారి కుంచె పట్టించిన మనిషి, తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు.

"హోటలుకి వెళ్లావా?" అన్నాడు చివరికి.

"వెళ్లాను."

"ఎప్పటికైనా చూస్తావనే అనుకున్నా. తొమ్మిదీ బాగున్నాయా, పైన పెట్టాక?"

చూశారా, తొమ్మిదీ అన్నాడు! లెక్కతో సహా తెలుసు. "బాగున్నాయో లేదో ఆరేళ్లలో ఒక్కసారి నాకు చెప్పొచ్చుగా బాబాయ్?"

"మీ అక్క ఒట్టు వేయించుకుందమ్మా. అయినా మీ ఇద్దరి మధ్యా నేనేం మాట్లాడను? మీ నాన్న పోయాక నాకీ నీడ ఉంచింది అది." "నువ్వు గీసిన ముఖాలకి చేతులు గీసేటప్పుడు చాలా జాగ్రత్తగా గీసేవాణ్ని. అంతకన్నా ఏం చెయ్యలేకపోయాను."

ఆయన మీద జాలి పడే ఓపిక నాకు లేదు. మెట్ల వైపు నడిచాను. మేడ మీది గదిలోకి అక్క తప్ప ఎవరూ వెళ్లకూడదు. ముఖం గీసేటప్పుడు మనిషి అలికిడి ఉంటే గీత చెడుతుందని నాన్న పెట్టిన నియమం. బావకి మాత్రం మినహాయింపు, తెరలూ కవచాలూ ఆయనవి కదా. అక్క ఆ నియమాన్ని మరీ గట్టిచేశాక నేను ఆ మెట్లెక్కి ఆరేళ్లయింది. తలుపు తట్టకుండా తోశాను.

బజారు నుంచి ఎప్పుడొచ్చారో గానీ ఇద్దరూ లోపలే ఉన్నారు. బావ కింద పీట వేసుకుని, మంచి ఏకాగ్రతతో ఒక భుజానికి ఉక్కు రేకు తొడుగుతున్నాడు. రేకు అంచున తెల్లటి మెరుపు కూడా పెట్టాడు, పాపం, పనివాడు. ఆ భుజం పైన ఉన్నది పోయిన మంగళవారం నేనిచ్చిన ముఖం. "ముక్కు పక్కన నీడ మురిగ్గా ఉంది, గీకేశా" అని బుధవారం అక్క చెప్పిన ముఖం. గోడకి ఇంకో నాలుగు ఆనించి ఉన్నాయి, నాలుగూ నావే, మెడ కింద ఒళ్లు లేకుండా తమ వంతు కోసం చూస్తున్నాయి.

కిటికీ దగ్గర అక్క కుర్చీ. పక్కనే తన రంగుల పలక. దాని మీద రంగు ఎండి, పగుళ్లిచ్చి, పైన దుమ్ము పేరుకుని ఉంది. ఆ పలకను ఈ మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని చెప్పడానికి గొప్ప చిత్రకారులు అక్కర్లేదు.

బావ లేచి నిలబడ్డాడు. "నేను కింద ఫ్రేము చూసుకుని..." అంటూ నా పక్క నుంచి జారుకున్నాడు. మొహం చాటేయడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

"కూర్చో," అంది అక్క.

"కూర్చోను. గీకేశానన్నావు."

"అన్నాను."

"ఒక్కటైనా గీకావా?"

అక్క కాసేపు ఆలోచించింది. ఆ సమయంలో కూడా లెక్క తప్పకూడదనుకుందేమో. "మొట్టమొదటిది. అది నిజంగానే బాలేదు."

నవ్వొచ్చింది. అంత కోపంలోనూ నవ్వొచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. "ఎందుకు చేశావే ఇలా? నీకేం తక్కువ చేశాననీ?"

అక్క శాలువా కిందనుంచి కుడి చెయ్యి బయటికి తీసింది. బల్ల మీది కుంచె ఒకటి తీసి పట్టుకుంది. కుంచె కొస గాలిలో చిన్నగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆపడానికి ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుంది. ఇంకా ఎక్కువైంది.

"ఆరేళ్ల కిందట మొదలైంది," అంది. "అన్నం తినడానికి, సంతకం పెట్టడానికి ఇబ్బంది లేదు. కుంచె పట్టుకుంటేనే. పెదవి గీత గీద్దామంటే గడ్డం దాకా పోతుంది. డాక్టరు నరాలన్నాడు. మందులు వాడాను."

నాన్న మెచ్చుకున్న చెయ్యి అది. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి. వెళ్లి పట్టుకుందామనుకున్నాను. అదే నా తప్పు, ఎప్పుడూ అక్కడే కరిగిపోతాను. కాళ్లని నేలకి తొక్కిపెట్టి నిలబడ్డాను.

"చెప్పొచ్చుగా నాకు? ముఖాలు నేను గీస్తాను, నువ్వు పక్కన కూర్చుని చెప్పు అంటే, కాదంటానా? నీ పేరే పెట్టుకో అనేదాన్ని. అడిగితే ప్రాణమైనా ఇచ్చేదాన్ని కదే!"

"మొదట్లో ఇచ్చేదానివి. తర్వాత?" అక్క గొంతులో బతిమాలడం లేదు, దుకాణంలో బేరం మాట్లాడేటప్పటి గొంతే అది. "నీ రెండో ముఖం చూసిన రోజే నాకు తెలిసిపోయింది. నేను ఇరవై ఏళ్లు గీసినా నాకు రానిది నీకు వచ్చేసింది. బాగుందని ఒక్కసారి నా నోటితో అంటే, ఇంకో ఏడాదికి నువ్వు ఇక్కడ ఉండేదానివి కాదు. అప్పుడు నేనేంటి? బాబాయేంటి? నాన్న దుకాణం ఏమవ్వాలి?"

"అందుకని నన్ను చేతకానిదాన్ని చేశావు."

"దగ్గర ఉంచుకున్నాను."

"నమ్మించి గొంతు కోశావు అక్కా. అద్దంలో నా మొహం నేను చూసుకోవడానికి కూడా సిగ్గుపడ్డాను. ముఖం గీయడం రాని మొహం ఇది అనుకునేదాన్ని. ఆ దుకాణం ఆయన పిలిస్తే నాకు రాదని నా నోటితో నేనే చెప్పాను. నువ్వు పక్కనే ఉన్నావు. నవ్వావు!"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పట్టించుకోలేదు. ఆ కాసేపు నేను చాలా గట్టిగా ఉన్నాననే చెప్పాలి.

"నువ్వొచ్చావు కాబట్టి ఇంకోటి కూడా చెప్పెయ్యాలి," అంది. "సాయంత్రం లోపు ఎలాగూ తెలుస్తుంది. నా నోటితో తెలియడమే మంచిది."

ఇంతకన్నా ఏముంటుంది అనుకున్నాను. నా ఊహకి ఎప్పుడూ కాళ్లు చిన్నవి.

"హోటలు వాళ్లు బొమ్మల్ని పరీక్ష చెయ్యడానికి ఒక పెద్దమనిషిని పెట్టుకున్నారు. పోయినేడాది మొదటి ఆరూ పంపినప్పుడు ఆయన ఇక్కడికొచ్చాడు. మూడు ముఖాలు ఒక చెయ్యి, మిగతావి ఇంకో చెయ్యి అన్నాడు. నేను కాదన్నాను. కళ్లు చూపించాడు. కిటికీ చూపించాడు. ఈ కళ్లు గీసిన మనిషిని కలవాలి, ఎక్కడున్నారు అని అడిగాడు. పెద్ద పని ఉంది, దేశదేశాల బొమ్మలున్న చోట, వస్తే తీసుకెళ్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

అక్క కిటికీలోంచి బయటికి చూసింది. కింద ఎవరో బండి ఆపిన చప్పుడు.

"అక్కా, ఏమన్నావు?"

"పోయిందన్నాను. మా చెల్లెలు, చిన్న వయసులోనే పోయిందని చెప్పాను."

గోడకి ఆనించిన నాలుగు ముఖాలూ నన్నే చూస్తున్నాయి.

"వేరే పేరు చెబుదామనుకున్నా. నోరు రాలేదు. నీ పేరే చెప్పాను," అంది అక్క, అదేదో నాకు చేసిన మేలులాగా. "కనీసం నీ పేరైనా గోడ మీద ఉంటుందని. ఆయన చాలా బాధపడ్డాడు. తర్వాత పంపిన ఆరూ నువ్వు పోకముందే గీసి పెట్టినవన్నాను, మొత్తం తొమ్మిది బొమ్మల కిందా నీ పేరు పెట్టిస్తానన్నాడు. ఇవాళ సాయంత్రం హాలు ప్రారంభం. ముందు ఒక నిమిషం అందరూ నీ కోసం లేచి నిలబడతారట. తర్వాత నన్ను నీ గురించి నాలుగు మాటలు మాట్లాడమన్నారు."

"మాట్లాడతావా?"

అక్క సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన ఇత్తడి పలక ఒకటి తీసి నా ముందు పెట్టింది. నమూనాకి ఒకటి పంపారట, సరిగ్గా ఉందో లేదో ఇంటివాళ్లు చూసి చెప్పాలని. గుడ్డ విప్పాను. కొత్త ఇత్తడి, అక్షరాలు చక్కగా చెక్కారు. నా పూర్తి పేరు, నాన్న ఇంటిపేరుతో సహా. దాని కింద రెండు సంవత్సరాలు, మధ్యలో చిన్న గీత. మొదటిది నేను పుట్టింది. రెండోది పోయినేడాది.

చచ్చిపోయి ఏడాదైన మనిషి ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే లేచి ఈ ఇంటికి ముఖాలు గీసిపెట్టింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. "పైనే ఉన్నారండీ, రండి రండి," అని బావ కింద నుంచి మర్యాదలు చేస్తున్నాడు. అక్క కంగారుగా కళ్లు తుడుచుకుంది. "ఆయనే. పలక కోసం వచ్చాడు. నీకు దణ్ణం పెడతానే, ఈ ఒక్క పూట..." అంటుండగానే ఆయన గుమ్మంలో ఉన్నాడు. నెరిసిన జుట్టు, చేతిలో టోపీ, మనిషి చాలా నెమ్మది. అక్కకి నమస్కారం పెట్టి, "ఇవాళ మీకు కష్టమైన రోజు. మీరు రాగలిగితేనే రండి, బలవంతం లేదు," అన్నాడు. అబద్ధం లేని బాధ ఆయన ముఖంలో ఉంది. నా కోసం ఆ ఇంట్లో బాధపడ్డ మొదటి మనిషి ఆయనే.

తర్వాత నా వైపు తిరిగాడు. నా వేళ్ల నిండా రంగు. సేనాధిపతి బుగ్గ రంగే.

"ఈవిడ?"

"మా దగ్గర పనిచేస్తుందండీ," అంది అక్క వెంటనే, తడబాటు లేకుండా. "లేసు గీస్తుంది."

కుంచె పట్టలేని ఆ చెయ్యి కన్నా ఆ నాలుక ఎంత గట్టిదో!

ఆయన నాకూ నమస్కారం పెట్టాడు. పనిమనిషికి ఎవరూ పెట్టనంత మర్యాదగా పెట్టాడు. పలక కోసం చెయ్యి చాచి, "మీరు ఆవిడతో కలిసి పనిచేసే ఉంటారు. మీ పేరేంటమ్మా?" అని అడిగాడు.

నేను పలకని, అక్షరాలు ఆయన వైపు ఉండేలా తిప్పి, ఆయన చేతిలో పెట్టాను.

"దాని మీదే ఉందండీ," అన్నాను. "చదవండి."